ఎందుకు మొదలైంది, ఎందుకు ఆగలేదు: వ్యసనం వెనక మనసు ఎంత, చుట్టూ ఉన్న లోకం ఎంత?

పాత పుస్తకాల్లో 'వ్యసనపడకు' అని కనిపిస్తే 'దిగులుపడకు' అని అర్థం చేసుకోవాలి. నిఘంటువు తెరిస్తే వ్యసనం అన్న మాటకి ఆపద, దుఃఖం అనే అర్థాలు ఇప్పటికీ ఉంటాయి. వాడుకలో మాత్రం అవి రాలిపోయి తాగుడు, జూదం, మత్తుమందులు మిగిలాయి. దుఃఖానికీ దురలవాటుకీ ఒకటే మాట ఎలా వచ్చిందో భాషావేత్తలు చెప్పాలి గానీ, వ్యసనం మీద గత యాభై ఏళ్లలో జరిగిన పరిశోధన చదువుతుంటే ఆ పాత అర్థం మాటిమాటికీ గుర్తొస్తుంది.

ఎవరైనా తాగుడులో పడ్డారని తెలిస్తే చుట్టుపక్కల వినిపించే మాటలు రెండే రకాలు. ఒకటి, 'మనసు గట్టిగా ఉండాలండీ'. రెండోది, 'అంతా సావాసదోషం'. మొదటిది తప్పంతా మనిషి లోపల పెడుతుంది, రెండోది బయట పెడుతుంది. రెండింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కాకపోతే అవి రెండూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. ఎందుకు మొదలుపెట్టాడు అనేది ఒక ప్రశ్న, ఎందుకు ఆపలేకపోయాడు అనేది వేరే ప్రశ్న. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే ఈ విషయంలో సగం గందరగోళం.

అలవాటు ఎక్కడ ఆగి, వ్యసనం ఎక్కడ మొదలవుతుంది

రోజూ కాఫీ తాగేవాళ్లకి ఒక్కరోజు మానేస్తే తల పగిలిపోతుంది. అంతమాత్రాన దాన్ని వ్యసనం అనలేం. శరీరం ఒక పదార్థానికి అలవాటుపడి, అది అందనప్పుడు ఇబ్బందిపడటాన్ని డాక్టర్లు 'ఆధారపడటం' అంటారు. పెద్ద ఆపరేషన్ తరవాత కొన్ని వారాలపాటు బలమైన నొప్పి మందులు వాడినవాళ్ల శరీరం కూడా అలాగే ఆధారపడుతుంది. మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ వస్తే చాలామంది మళ్లీ వాటి జోలికి వెళ్లరు. వ్యసనం అంటే దీనికి పైమెట్టు. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం, రేపటినుంచి మానేస్తానని ఒట్టు పెట్టుకుని మర్నాడు సాయంత్రానికి ఆ ఒట్టు తినేయడం, అదొక్కటి తప్ప మిగతావన్నీ జీవితంలోంచి ఒక్కొక్కటే జారిపోవడం.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే నిర్ధారణ గ్రంథం దీనికి 11 లక్షణాలు చెప్పింది. అనుకున్నదానికన్నా ఎక్కువ వాడటం, మానాలని చూసి విఫలం కావడం, యావ పుట్టడం, ఇంటిపనీ ఉద్యోగమూ చెడిపోవడం లాంటివి అందులో ఉన్నాయి. ఏడాది కాలంలో వీటిలో రెండో మూడో కనిపిస్తే సమస్య స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరూ అంతకన్నా ఎక్కువైతే తీవ్రం. ఉందా, లేదా అని గీత గీసే పద్ధతి పోయి, ఎంత ఉంది అని కొలిచే పద్ధతి వచ్చిందన్నమాట. అదే గ్రంథం జూదాన్ని కూడా మద్యం, మత్తుమందులు ఉన్న అధ్యాయంలోకి తెచ్చి పెట్టింది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో వీడియో గేమ్‌ల సమస్యకీ చోటు దొరికింది. ఒంట్లోకి ఏ పదార్థమూ వెళ్లకుండానే వ్యసనం రాగలదని ఒప్పుకున్నాక, కారణాలన్నీ సీసాలోనే వెతుకుతూ కూర్చోవడం కుదరదు.

ఇక్కడే ఇంకో సంగతి. 'ఒక్కసారి ముట్టుకుంటే అంతే' అని చాలామంది భయపెడతారు. అమెరికాలో దేశవ్యాప్త సర్వే ఆధారంగా 1994లో వచ్చిన లెక్కల ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా పొగాకు వాడినవాళ్లలో సుమారు 32 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు దానిమీద ఆధారపడే దశకి వెళ్లారు. హెరాయిన్‌కి అది 23 శాతం, కొకైన్‌కి 17, మద్యానికి 15, గంజాయికి 9. పదార్థాన్ని బట్టి తేడా ఉన్నమాట నిజం. కానీ హెరాయిన్ రుచి చూసినవాళ్లలో కూడా నూటికి డెబ్బై మందికి పైగా ఆ గోతిలో పడలేదు. (ఇది ధైర్యం చెప్పడానికి కాదు. నలుగురిలో ఒకరు పడే గొయ్యిని ఎవరూ చిన్నదని అనరు.) పడినవాళ్లకీ పడనివాళ్లకీ తేడా ఏమిటన్నదే అసలు ప్రశ్న.

వెయ్యిమందితో ఒక లెక్క

ఆ తేడాల్నే పరిశోధకులు రిస్క్ ఫ్యాక్టర్లు అంటారు. ఈ మాటని జనం దాదాపు జాతకంలాగా అర్థం చేసుకుంటారు. 'చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాడు తాగుబోతు అవుతాడట' అన్నట్టు. ఒక చిన్న లెక్క వేసుకుంటే అది ఎందుకు తప్పో తెలుస్తుంది. అంకెలు కేవలం ఊహ కోసం.

వెయ్యిమంది పిల్లలు ఉన్నారనుకుందాం. వాళ్లలో వందమంది బాల్యం చాలా కష్టంగా గడిచింది, మిగతా తొమ్మిదివందల మందిది మామూలుగా గడిచింది. మామూలు బాల్యం ఉన్నవాళ్లలో నూటికి 5 మందికి పెద్దయ్యాక వ్యసనం వస్తుందనీ, కష్టాలు పడ్డవాళ్లకి ఆ ముప్పు నాలుగు రెట్లు ఎక్కువనీ అనుకుందాం. అంటే వాళ్లలో నూటికి 20 మంది. నాలుగు రెట్లు అంటే పేపర్లో పెద్ద హెడ్డింగే అవుతుంది. కానీ ఆ వందమందిలో 80 మందికి ఏమీ కాలేదు. పైగా మామూలు బాల్యం ఉన్న తొమ్మిదివందల మందిలో 45 మందికి వ్యసనం వచ్చింది. మొత్తం 65 మంది బాధితుల్ని ఒక గదిలో కూర్చోబెడితే, అందులో ఎక్కువమంది 'నాకు చిన్నప్పుడు ఏ లోటూ లేదండీ' అనేవాళ్లే.

కాబట్టి రిస్క్ ఫ్యాక్టర్ గుంపు గురించి చెప్పే మాట. ఎదురుగా ఉన్న ఒక్క మనిషి గురించి అది చెప్పేది చాలా తక్కువ. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు. అమెరికాలో 1995-97 మధ్య 17,000 మందికి పైగా పెద్దవాళ్ల దగ్గర వాళ్ల బాల్యం గురించి వివరాలు సేకరించి చేసిన 'ఏస్' (బాల్యంలోని చేదు అనుభవాల) అధ్యయనం చాలా పేరు పొందింది. హింస, లైంగిక వేధింపు, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూడటం లాంటి అనుభవాలు నాలుగూ అంతకు మించి ఉన్నవాళ్లలో, పెద్దయ్యాక తాగుడు సమస్య ఏ అనుభవమూ లేనివాళ్లకన్నా ఏడు రెట్లు ఎక్కువ కనిపించింది. తరవాత కొన్నిచోట్ల ఆ అనుభవాల సంఖ్యనే స్కోరుగా తీసుకుని మనుషులకి ఒక్కొక్కరికీ ముప్పు ఎంతో లెక్కగట్టడం మొదలుపెట్టారు. ఆ అధ్యయనం చేసినవాళ్లలో ఒకరైన రాబర్ట్ ఆండా 2020లో సహచరులతో కలిసి దాన్ని అలా వాడకూడదని రాయాల్సి వచ్చింది. రెండేళ్లపాటు ప్రతిరోజూ దెబ్బలు తిన్నవాడికీ రెండుసార్లు తిన్నవాడికీ ఆ స్కోరులో తేడా తెలియదు.

మొదటి గుమ్మం: చేతికి ఎలా అందింది

వ్యసనంలోకి వెళ్లే దారిలో మూడు గుమ్మాలు ఉన్నాయనుకుంటే అర్థం చేసుకోవడం తేలిక. మొదటిది, అసలు రుచి చూడటం. రెండోది, అప్పుడప్పుడూ వాడేది కాస్తా విడవలేనిది కావడం. మూడోది బయటికి వచ్చే గుమ్మం. ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో రకం కారణాలు బలంగా పనిచేస్తాయి.

మొదటి గుమ్మం దగ్గర పెత్తనం ఎక్కువగా చుట్టూ ఉన్న లోకానిదే. కవలల మీద జరిగిన అధ్యయనాలు కూడా ఇదే చెబుతాయి. మొదలుపెట్టడంలో ఇల్లు, స్నేహితులు, ఉండే చోటు ప్రభావం బాగా కనిపిస్తుంది. సులువుగా దొరకడం, ఇంట్లో పెద్దవాళ్లు వాడటం, ఎవరూ పట్టించుకోకపోవడం, 'అందరూ చేస్తున్నారు' అన్న నమ్మకం, ఇవన్నీ ఇక్కడివే.

స్నేహితుల సంగతి మాత్రం కనిపించినంత తేలిక కాదు. తాగే కుర్రాడి స్నేహితులు కూడా తాగేవాళ్లే అయితే 'వాళ్లే చెడగొట్టారు' అంటాం. ఆ స్నేహితుల ఇళ్లలోనూ సరిగ్గా అదే మాట అంటుంటారు. తనలాంటివాళ్లని వెతుక్కుని స్నేహం చేయడం ఒకటి, స్నేహం చేశాక వాళ్లలా మారడం ఇంకొకటి. రెండూ జరుగుతాయి, ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. బడిలో కుదురుకోలేక, టీచర్లకీ తోటివాళ్లకీ దూరమైన పిల్లవాడిని ఏ ప్రశ్నా వేయకుండా దగ్గరికి రానిచ్చే గుంపు ఒక్కోసారి సిగరెట్ గుంపే అవుతుంది. అతను ముందు వెతుక్కున్నది సిగరెట్ కాకపోవచ్చు.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆనందాన్నీ కొత్తదనాన్నీ కోరే భాగాలు దానికన్నా ముందే జోరందుకుంటాయి. 15 ఏళ్లలోపే మద్యం మొదలుపెట్టినవాళ్లలో సుమారు 40 శాతం మంది, 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో సుమారు 10 శాతం మంది జీవితంలో ఎప్పుడో దానిమీద ఆధారపడ్డారని 1997లో అమెరికాలో తేలింది. చిన్న వయసులో మొదలుపెట్టడమే కారణమా, లేక చిన్న వయసులో మొదలుపెట్టించే ఇల్లూ స్వభావమే తరవాతి వ్యసనానికీ కారణమా? ఈ వాదన ఇంకా నడుస్తోంది. రెండూ కొంతకొంత ఉన్నాయనే అనిపిస్తుంది.

చుట్టూ ఉన్న లోకాన్ని మార్చితే ఏమవుతుందో చూడాలంటే ఐస్‌లాండ్ ఉంది. 1998లో అక్కడ 15-16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెల రోజుల్లో తప్పతాగామని చెప్పారు. 2016కి అది 5 శాతానికి దిగింది. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 శాతం నుంచి 3 శాతానికి తగ్గారు. అక్కడ చేసింది మందు చెడ్డదని పాఠాలు చెప్పడం ఒక్కటే కాదు. ఆటలకీ సంగీతానికీ ప్రభుత్వ డబ్బు, రాత్రిపూట పిల్లలు బయట తిరగకుండా వేళల నియమం, తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయం పెంచడం, ఏటా సర్వేలు. అదే కాలంలో వేరే దేశాల్లోనూ కుర్రవాళ్ల తాగుడు కొంత తగ్గింది కాబట్టి మొత్తం ఘనత ఈ పథకానికే ఇవ్వలేమనే విమర్శ ఉంది. అది సబబైన విమర్శే.

రెండో గుమ్మం: అది ఆ మనిషికి ఏం చేసిపెడుతోంది

అసలు కథ ఇక్కడ ఉంది.

ఇరవై మూడేళ్ల కుర్రాడిని ఊహించుకోండి. కొత్త ఉద్యోగం. నలుగురిలో నోరు తెరవాలంటే అరచేతులకి చెమట పడుతుంది, ఏమన్నా అంటే ఏమనుకుంటారో అని మాట గొంతులోనే ఆగిపోతుంది. ఆఫీసువాళ్ల పార్టీలో గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. తాగే ఉద్దేశం లేదు, ఖాళీ చేతులతో నిలబడటం ఇబ్బందిగా ఉండి తీసుకున్నాడు. అరగంట గడిచింది. ఎవరో ఏదో అడిగితే జవాబు చెప్పాడు. ఆ జవాబుకి పక్కనున్నవాళ్లు నవ్వారు. తను జోక్ వేశాడని అతనికి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. ఇంటికి వచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది మందు రుచి కాదు, ఆ నవ్వు.

అదే పార్టీలో అతనికి రెండింతలు తాగిన స్నేహితుడు ఒకడు ఉన్నాడు. వాడు ఎప్పుడూ నలుగురి మధ్యలోనే ఉంటాడు. మందు వాడికి సరదాకి తోడు, అంతే. ఆరోజు చూసినవాళ్లెవరైనా 'జాగ్రత్తరా' అని స్నేహితుడికే చెబుతారు. కానీ పదేళ్ల తరవాత ఎవరి పరిస్థితి కష్టమవుతుందని అడిగితే, నేను గోడవార కుర్రాడి గురించే ఎక్కువ కంగారుపడతాను. స్నేహితుడికి మందు ఉన్న సంతోషానికి కొంత కలిపింది. ఇతనికి లోపలున్న బాధని తీసేసింది. ఆకలిమీద ఉన్నవాడికీ కడుపు నిండినవాడికీ ఒకే ముద్ద ఒకేలా ఉండదు.

తరవాత ఏం జరుగుతుందో చూడండి. మర్నాడు పొద్దున్న మందు దిగాక మెదడు ఎదురు తిరుగుతుంది, గుండెదడ నిన్నటికన్నా ఎక్కువ. దానికీ అదే మందు. మీటింగ్ ముందు కొద్దిగా, నిద్ర కోసం కొద్దిగా. వాడే కొద్దీ మోతాదు చాలదు. ఈలోపు మందు లేకుండా నలుగురితో మాట్లాడటం నేర్చుకునే అవకాశం ప్రతిసారీ చేజారిపోతోంది. ఏ టెన్షన్ పోగొట్టుకోవడానికి మొదలుపెట్టాడో ఆ టెన్షన్‌ని ఇప్పుడు మందే తయారుచేస్తోంది. బయటినుంచి చూసేవాళ్లకి మాత్రం 'ఏం తక్కువైందని తాగుతున్నాడు' అనే ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఇలా తన బాధకి తనే మందు వేసుకోవడం అనే ఆలోచనని 1985లో అమెరికన్ మానసిక వైద్యుడు ఎడ్వర్డ్ ఖాన్ట్‌జియన్ ఒక సిద్ధాంతంగా ముందుకు తెచ్చాడు. డిప్రెషన్, ఆందోళన, పాత గాయాల తాలూకు పీడకలలు ఉన్నవాళ్లలో వ్యసనం ఎక్కువగా కనిపించడం దీనికి బలం. దీనికి అభ్యంతరాలూ ఉన్నాయి. ఎక్కువ తాగడం వల్ల కూడా డిప్రెషన్ వస్తుంది కాబట్టి ఏది ముందో చెప్పడం కష్టం. అందుకే తెలిసిన డాక్టర్లు 'ఇది లేని రోజుల్లో ఎలా ఉండేవారు' అని అడుగుతారు, కొన్ని వారాలు మానేశాక దిగులు తగ్గిందో లేదో చూస్తారు.

బాధ ఒక్కటే దారి కాదు. కెనడా పరిశోధకురాలు పట్రీషియా కాన్‌రాడ్ బృందం నాలుగు రకాల స్వభావాల్ని గుర్తించింది: నిరాశ, భయలక్షణాలకి బెదిరిపోవడం, ముందూవెనకా చూడని తొందరపాటు, థ్రిల్ కోసం వెతుకులాట. మొదటి రెండు దారుల్లో మనిషి నొప్పినుంచి పారిపోతుంటాడు, చివరి దారిలో ఉత్సాహం వైపు పరుగెడుతుంటాడు. తొందరపాటుది ఇంకో తీరు, బ్రేకు పడాల్సిన చోట పడకపోవడం. 'వ్యసనపరుడి స్వభావం' అని ఒకటి ఉంటుందని జనం నమ్ముతారు గానీ, ఒకదానికొకటి పొంతన లేని ఈ నాలుగూ ఒకే చోటికి చేరుస్తుంటే, అలాంటి ఒక్క అచ్చు ఎక్కడుంది?

బ్రేకు సంగతికి న్యూజిలాండ్ డునెడిన్ అధ్యయనం మంచి ఆధారం. 1972-73లో అక్కడ పుట్టిన సుమారు వెయ్యిమంది పిల్లల్ని పుట్టినప్పటినుంచీ వెంబడిస్తూ వస్తున్నారు. మూడు నుంచి పదకొండేళ్ల మధ్య ఆత్మనిగ్రహం తక్కువగా ఉన్న పిల్లల్లో 32 ఏళ్లకి మత్తుపదార్థాల సమస్య ఎక్కువగా కనిపించింది. తెలివితేటల్నీ కుటుంబ స్థితినీ లెక్కలోంచి తీసేసినా ఆ సంబంధం నిలిచింది. 'మనసు గట్టిగా ఉండాలండీ' అనేవాళ్లకి ఇది సంతోషంగా ఉండొచ్చు. కానీ మూడేళ్ల పిల్లవాడి నిగ్రహం వాడు ఎంచుకున్నది కాదు కదా.

జన్యువులు గెలవబోయి ఓడిన చోట

వంశపారంపర్యం వాటా ఎంత అంటే, కవలల అధ్యయనాల్లో పదార్థాన్ని బట్టి సుమారు 40 నుంచి 60 శాతం అని తరచూ చెబుతారు. జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో అంత భాగాన్ని జన్యువులతో వివరించవచ్చని దాని అర్థం. ఒక మనిషి వ్యసనంలో సగం తాతగారి ఖాతాలో వేయమని కాదు. పైగా ఈ వాటా లోకం మారితే మారుతుంది. మద్యం దొరకని చోట మద్యం జన్యువు ఏం చేస్తుంది?

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ జపాన్‌ది. తూర్పు ఆసియాలో చాలామందికి మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైముల్లో ఒకటి సరిగ్గా పనిచేయదు. కొద్దిగా తాగగానే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వికారం పుడుతుంది. తాగుడుకి ఇంతకన్నా మంచి కాపలా ఉండదు. 1979లో అక్కడి మద్యం రోగుల్లో ఆ ఎంజైముని చెడగొట్టే జన్యువు తల్లీతండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు కేవలం 2.5 శాతం. 1986కి 8 శాతం. 1992కి 13 శాతం. పదమూడేళ్లలో జన్యువులు మారవు. మారింది తాగుడు చుట్టూ ఉన్న సమాజం. ఒళ్లు వద్దంటున్నా తాగే మనుషులు పెరిగారు. మొదటి గుమ్మం దగ్గర ఒత్తిడి తగినంత ఉంటే, రెండో గుమ్మం దగ్గర పుట్టుకతో వచ్చిన కాపలా కూడా పక్కకి తప్పుకుంటుందన్నమాట.

ఎలుకలూ కోతులూ ఒంటరితనం గురించి చెప్పింది

కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ 1970ల చివర చేసిన 'ర్యాట్ పార్క్' ప్రయోగం అందరూ చెప్పేదే. బోనులో ఒంటరిగా ఉన్న ఎలుకలు మార్ఫిన్ కలిపిన నీళ్లు బాగా తాగాయి, విశాలమైన చోట తోటి ఎలుకలతో ఉన్నవి చాలా తక్కువ తాగాయి. దీన్ని పట్టుకుని 'వ్యసనానికి విరుగుడు మనుషులే' అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లున్నారు. ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లకి ఫలితాలు ఒకేలా రాలేదన్న సంగతి ఆ ఉపన్యాసాల్లో ఉండదు. అయితే 2018లో అమెరికాలో మార్కో వెనీరో బృందం ఇంకా పకడ్బందీగా ఇంకో పరీక్ష పెట్టింది. ఒక మీట నొక్కితే మత్తుమందు, ఇంకోటి నొక్కితే తోటి ఎలుకతో కాసేపు. మత్తుకి బాగా అలవాటుపడిన ఎలుకలు కూడా ఎక్కువగా తోడునే ఎంచుకున్నాయి. తోడు దొరకడాన్ని ఆలస్యం చేస్తేనో, దానికి శిక్ష జోడిస్తేనో మళ్లీ మందువైపు మొగ్గాయి. పక్కనే తోడు ఉంటే చాలదు, అది సమయానికి అందాలి.

2002లో వచ్చిన కోతుల అధ్యయనం నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మొదట విడివిడిగా ఉంచిన 20 మకాక్ కోతుల్ని నాలుగేసి చొప్పున గుంపులుగా ఉంచారు. ప్రతి గుంపులోనూ పెత్తనం చేసేవీ అణిగి ఉండేవీ తేలాయి. విడిగా ఉన్నప్పుడు వాటి మెదళ్లలో తేడా లేదు. గుంపులో చేరాక, పెత్తనం దక్కినవాటిలో డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాలు పెరిగాయి, అవి కొకైన్‌ని పెద్దగా ఇష్టపడలేదు. అణిగి ఉన్నవి మాత్రం దాన్ని బాగా తీసుకున్నాయి. హోదా అనేది సామాజిక విషయం, డోపమిన్ గ్రాహకం మెదడు విషయం అని వేరు చేసి మాట్లాడతాం. ఆ కోతుల్లో ఒకటి రెండోదాన్ని మార్చింది.

పేదరికం సంగతి ఏమిటి

పేదవాళ్లే ఎక్కువ తాగుతారన్నది చాలామంది నమ్మకం. మద్యం విషయంలో లెక్కలు వేరేగా ఉన్నాయి. చాలా సంపన్న దేశాల్లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు మిగతావాళ్లతో సమానంగానో అంతకన్నా తక్కువగానో తాగినా, దానివల్ల వచ్చే జబ్బులూ చావులూ వాళ్లలోనే ఎక్కువ. తిండి, పొగ, వైద్యం, ఒకేసారి ఎక్కువ తాగడం, ఉద్యోగం పోతే పట్టుకునే వాళ్లు లేకపోవడం, ఇవన్నీ కారణాలుగా చెబుతారు. డబ్బున్నవాడు జారితే కింద వల ఉంటుంది.

అమెరికాలో 2015లో ఆర్థికవేత్తలు ఆన్ కేస్, ఆంగస్ డీటన్ ఒక సంగతి బయటపెట్టారు. నడివయసు తెల్లజాతివాళ్లలో మత్తుమందులు, మద్యం, ఆత్మహత్యల చావులు పెరుగుతున్నాయని. పెద్ద చదువులు లేనివాళ్ల జీవితాలు దశాబ్దాలుగా కుంగిపోవడమే మూలమని వాళ్ల వాదన. ఇంకో ఆర్థికవేత్త క్రిస్టఫర్ రూమ్ దీన్ని ఒప్పుకోలేదు. ప్రాంతాల ఆర్థిక స్థితిని సరిపోల్చి చూస్తే దాని వాటా తక్కువనీ, ప్రమాదకరమైన మందులు విపరీతంగా దొరకడమే పెద్ద కారణమనీ ఆయన లెక్క. నా మటుకు ఈ రెండు పక్షాలూ వేర్వేరు గుమ్మాల దగ్గర నిలబడి వాదించుకుంటున్నట్టు ఉంటుంది. సరఫరా మొదటి గుమ్మాన్ని తెరుస్తుంది, నిస్పృహ రెండోదాన్ని. ఏ వాటా ఎంతన్నది నిజంగానే ముఖ్యం, ఎందుకంటే ప్రభుత్వం డబ్బు ఎక్కడ పెట్టాలన్నది దానిమీదే ఆధారపడుతుంది.

జబ్బా, ఎంపికా, నేర్చుకున్న పాఠమా

వ్యసనం మెదడు జబ్బు అన్న మాట 1997లో అమెరికా డ్రగ్స్ పరిశోధన సంస్థ అధిపతి ఆలన్ లెష్నర్ రాసిన వ్యాసంతో బాగా స్థిరపడింది. దీర్ఘకాలం వాడితే నిగ్రహానికీ కోరికకీ సంబంధించిన మెదడు భాగాలు మారతాయని దీని ఆధారం. జబ్బు అన్నాక నింద తగ్గి చికిత్స పెరుగుతుందని ఆశ కూడా. దీనికి ఎదురు వాదన, వ్యసనపరుల్లో ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు బయటపడతారనీ, చాలామంది ఏ చికిత్సా లేకుండానే, ఉద్యోగమో పెళ్లో పిల్లలో వచ్చాక మానేస్తారనీ గుర్తుచేస్తుంది. క్షయ అలా తగ్గదు కదా అని వాళ్ల ప్రశ్న. మూడోవాళ్లు, ఇది మెదడు చాలా గట్టిగా నేర్చుకున్న పాఠం అంటారు. మెదడు మారడం నిజమే గానీ, ఏది నేర్చుకున్నా మెదడు మారుతుంది.

నేర్చుకోవడం అన్న వాదన జూదం దగ్గర బాగా అతుకుతుంది. ప్రతిసారీ బహుమతి వస్తే పావురం కడుపు నిండాక మీట వదిలేస్తుందనీ, ఎప్పుడొస్తుందో తెలియకుండా వస్తే అలుపు లేకుండా కొడుతూనే ఉంటుందనీ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ కాలం నుంచీ తెలుసు. స్లాట్ మెషిన్ పనిచేసేది అలాగే, వేలితో లాగి కొత్త పోస్టులు వచ్చాయేమో చూసే ఫోన్ తెర కూడా కొంతవరకు అలాగే. ఇక్కడ రిస్క్ ఫ్యాక్టర్ మనిషిలోనో వీధిలోనో కాక వస్తువులోనే కూర్చుని ఉంది.

మూడో గుమ్మం: తిరిగొచ్చిన సైనికులు

1971లో వియత్నాంలో ఉన్న అమెరికన్ సైనికులు హెరాయిన్ విపరీతంగా వాడుతున్నారన్న వార్త అమెరికాని కుదిపేసింది. వాళ్లందరూ ఇళ్లకి వస్తే ఏమిటి గతి అని ప్రభుత్వం బెంబేలెత్తింది. ఇంటికి పంపేముందు ప్రతి సైనికుడికీ మూత్రపరీక్ష పెట్టారు. లీ రాబిన్స్ అనే సామాజిక పరిశోధకురాలు వాళ్లని తిరిగొచ్చాక వెతికి పట్టుకుని వివరాలు సేకరించారు. అక్కడ ఉండగా దాదాపు ఐదోవంతు మంది తాము దానిమీద ఆధారపడ్డామని ఒప్పుకున్నారు. తిరిగొచ్చిన మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ ఆ స్థితికి వెళ్లినవాళ్లు సుమారు 5 శాతం, మూడేళ్లలో 12 శాతం. చికిత్సకి వచ్చే మామూలు హెరాయిన్ రోగుల్లో ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టే రోజుల్లో ఈ అంకెల్ని ఎవరూ నమ్మలేదు. రాబిన్స్ ఏళ్లపాటు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

మూడు గుమ్మాలు పెట్టి చూస్తే అంత వింతగా ఉండదు. అక్కడ మందు చవగ్గా, స్వచ్ఛంగా, చేతికందేంత దూరంలో ఉంది. భయం, విసుగు, ఇంటికి వేల మైళ్ల దూరం. తిరిగొచ్చాక ఇవన్నీ ఒకేసారి పోయాయి. ఆ గదిలో, ఆ వేళకి, ఆ మనుషులతో కూర్చుంటే పుట్టే యావకి ఇక్కడ ఆ గదీ ఆ మనుషులూ లేరు. మామూలు రోగికి ఈ అవకాశం ఉండదు. ఆస్పత్రినుంచి అదే ఇంటికి, అదే వీధికి, అదే స్నేహితుల దగ్గరికి తిరిగి వెళతాడు. పైగా 'బానిస' అన్న ముద్ర ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు అతనికన్నా ముందే అక్కడికి చేరుతుంది. తిరిగి వెళ్లడానికి ఒక చోటు లేకపోవడం కూడా రిస్క్ ఫ్యాక్టరే, అది వ్యసనం మొదలయ్యాక పుట్టేది.

రాబిన్స్ లెక్కల్లో తక్కువమంది పట్టించుకునే వివరం ఒకటుంది. అక్కడ ఆధారపడ్డవాళ్లలో దాదాపు సగం మంది ఇంటికొచ్చాక కూడా హెరాయిన్ మళ్లీ రుచి చూశారు. చూసి, ఎక్కువమంది వదిలేశారు. మళ్లీ కూరుకుపోయినవాళ్లలో సైన్యంలో చేరకముందే మత్తుమందుల అలవాటు ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపించారు.